నీళ్లగదిలో సూర్యుడు

లచ్చిరాం మళ్లీ మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్లుగా చెప్తున్న ముచ్చటే. అయినా చేతిలో చాయ్ చల్లారిపోయేదాకా చెప్తాడు, వినేవాళ్లు కూడా అంతసేపూ వింటారు.

"లోపట కూసుంటే అంత ఆకుపచ్చటి ఎల్తురే," అంటున్నాడు ఆండాళు హోటలు ముందు బల్ల మీద ఒక కాలు మడిచి పెట్టుకుని. "గోడల మీద ఆ ఎల్తురు కదులుతనే ఉంటది. చేపలొచ్చి అద్దానికి మూతులు ఆనిస్తయి. మనం వాటిని సూసుడు గాదు, అవ్వే మనల్ని సూస్తయి. ఇగ తల పైకెత్తితివా, సక్కగ నెత్తి మీద సూర్యుడు! ఇత్తడి తాంబాళమంత. నీళ్లు కదిలితే సూర్యుడు గూడ కదుల్తడు."

"అబ్బ, ఏం నసీబు నీది!" అంది ఆండాళు గ్లాసులు కడగడం ఆపి. ఆమె విన్నది ఇది వందోసారి అయినా కావచ్చు.

కోదాడ బస్సు కోసం నిలబడ్డ ఒక కొత్తాయన నమ్మలేనట్టు అడిగాడు. "నిజంగా నీళ్ల అడుగున గదా? నువ్వు లోపలికి వెళ్లావా?"

"పోకపోతే గిట్ల ఎట్ల చెప్తనయ్యా? రామబ్రహ్మం సారు నా భుజం మీద కండువ కప్పి, తన ఎంబడి మెట్లు దించి తోల్కపోయిండు. గీ ఊరోళ్లను ఎవ్వర్నన్న అడుగు."

ఊరోళ్లలో ఒకడు పక్క బల్ల మీదే, ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. మేస్త్రి పాపయ్య. అతన్ని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడు. ఆ గదికి పద్నాలుగు మెట్లు. మెట్లు దిగితే ఇరవై అడుగుల సొరంగం, దాని చివర ఇనుప తలుపు, తలుపు అవతల గుండ్రటి గది. గది చుట్టూ లోపలికి వాలినట్టు నిలబెట్టిన పన్నెండు అద్దాలు, ఒక్కోటి బొటనవేలంత మందం. ఎక్కడో ఓడ దిగి, వరిగడ్డిలో చుట్టుకుని, లారీలో వచ్చాయి. మెట్లు, సొరంగం, గోడలు, అద్దాల పైన జలకన్య బొమ్మను నిలబెట్టడానికి రెండు రోజులు ఆపకుండా పోసిన కాంక్రీటు దిమ్మె, అన్నీ పాపయ్య చేతి పనే. ఎనభై ఐదు ఎండాకాలం నాలుగు నెలలూ రామబ్రహ్మం తోటలోని ఎండిన కుంటలోనే గడిచిపోయాయి. 

కుంటలోకి నీళ్లు వదిలాక మాత్రం ఆ గదిలో అతను అడుగు పెట్టలేదు. కట్టినవాడు పాపయ్య, చూసినవాడు లచ్చిరాం. ఈ ఒక్క ముక్క తొమ్మిదేళ్లుగా అతని కడుపులో అరగడం లేదు. దీన్ని కొందరు బాధ అంటారు, ఇంకొందరు అభిమానం అంటారు. మనలో మనకు అంత మర్యాదలెందుకు? ఏడుపు. లచ్చిరాంను చూస్తే పాపయ్యకు ఏడుపు. లచ్చిరాం "అద్దం" అన్న మాట అనగానే ఒళ్లు మండుతుంది, "సూర్యుడు" దగ్గరికి వచ్చేసరికి చెవుల్లో హోరు పుట్టి తర్వాతి మాటలు వినబడవు. అయినా రోజూ అదే హోటలుకు వచ్చి, అదే బల్ల మీద లచ్చిరాంకు వీపు పెట్టి కూర్చుంటాడు. మరి ఇంకో హోటలు లేదా అంటే, రోడ్డుకు అవతల రెండున్నాయి.

అప్పుడే లూనా మీద మల్సూర్ వచ్చి ఆగాడు. పెన్‌పహాడ్ మనిషి, సూర్యాపేట మార్కెట్లో ఒక సేటు దగ్గర పనులు చూస్తాడు.

"ఇద్దరు ఈడనే ఉన్నరా, మంచిగైంది. రామబ్రహ్మం సారు తోట మా సేటు కొన్నడు. కుంట పూడ్సి కోళ్లఫారం పెడ్తడంట. ఎల్లుండి మోటార్లు పెట్టి నీళ్లు తోడుతం. పాపయ్యా, గా గది కూలగొట్టుడు నీ పని. ఇనుము, అద్దాలు ఖరాబు గావొద్దు. లచ్చిరాం, పైపులకు చెత్త పడితె దిగి తియ్యాలె నువ్వు."

రామబ్రహ్మం పోయి మూడేళ్లయింది. మిర్యాలగూడలో మూడు రైసు మిల్లులు నడిపి, మే నెలలో కోటు వేసుకుని తిరిగి, ఎండకు తాళలేక నీళ్లడుగున కూర్చుని పేకాడుకోవాలని ముచ్చటపడిన మనిషి. ఆయన పోయాక కొడుకులు తోట మొహం చూడలేదు. అయినా ఆ గది అక్కడ ఉందంటే ఊరికి అదొక గొప్ప.

"కూలగొడ్తరా?" అన్నాడు లచ్చిరాం. అతని మొహం వాడిపోయింది.

పాపయ్యకు కూలగొట్టడం అనే మాట చెవిన పడలేదు. ఆ తలుపు తెరుచుకోబోతుందన్న సంగతి ఒక్కటే తలకెక్కింది. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, లూనా తిప్పుకుంటున్న మల్సూర్ వెంట పడ్డాడు.

"తాళంచెయ్యి నాకియ్యి. నీళ్లు ఉన్నప్పుడే ఒకసారి లోపటికి పోయి సూడాలె. ఏడ ఏమున్నదో తెల్వకుండ పలుగెట్ల పెడ్త?"

"తీస్కపో. నాకెందుకది."

"ఇంకోటి." పాపయ్య గొంతు తగ్గించాడు. "లచ్చిరాం ఎందుకు? పైపు మూతికి జల్లెడ బుట్ట కడ్తె చెత్త రాదు. ఉత్తగ ఇంకో మనిషి దండుగ."

అన్నాక అతని నోరు అతనికే చేదయింది. లచ్చిరాం బతుకే అది. బావుల్లోకి దిగి మోటార్ల ఫుట్‌వాల్వులు బాగుచేసి పెళ్లాం పిల్లల్ని సాకుతాడు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. సేటుకు ఏది మిగిలినా అది తన తెలివే అనుకునే మల్సూర్ వెంటనే తలూపి లూనా ఎక్కాడు.

పాపయ్య ఇంటికి పోయేసరికి సువార్తమ్మ గడపలో కూర్చుని చింతచిగురు ఏరుతోంది. మొగుడి మొహం చూసి చేతులు ఆపింది.

"ఏందయ్యా, గింత ఖుషీగున్నవ్?"

"రేపు నీళ్లగదిల కూసుంట."

"కూలగొట్టెటానికి గదా పిలిసింది? కూసునెటానికి కాదు గద."

"ముందుగాల కూసుంట. తర్వాత కూలగొడ్త."

ఆమె చిగురు మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. ఇల్లు కట్టిన మేస్త్రికి గృహప్రవేశం నాడు బట్టలు పెట్టడం లోకం మర్యాద. ఎంత పిసినారి అయినా ఒక కండువా అయినా కప్పుతాడు, మొదట మేస్త్రిని లోపలికి పిలుస్తాడు. తొమ్మిదేళ్ల కింద నీళ్లగది తెరిచే రోజు కోసం ఆమె చెంబులో నిప్పులు పోసి పాపయ్య తెల్ల చొక్కాను ఇస్త్రీ చేసింది. పాపయ్య ఆ చొక్కా వేసుకుని మొదటి మెట్టు దాకా పోయాడు. పై మెట్టు మీద మేనేజరు చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్విక్కడే ఉండు. లోపల పూజవుతోంది. అయ్యాక పిలుస్తాం." 

"మాలోన్ని పూజల కాడికి పిలుస్తరా ఏంది," అని ఆనాడే అంది సువార్తమ్మ. ఇప్పుడు ఇంకోటి అంది.

"గా పూజ ఇంక అయిపోనట్టున్నది. తొమ్మిదేండ్ల సంది అయితనే ఉన్నది."

పాపయ్య సంచి దులిపి సుత్తి, ఉలి వెతకసాగాడు.

"ఒక్కటి అడుగుత," అంది ఆమె. "నిన్ను పిలువనిది రామబ్రహ్మం. నువ్వు ఏడ్సేది లచ్చిరాం మీద. ఇదెక్కడి లెక్క?"

"సారు పెద్దోడు. పిలిస్తే పిలిసిండు, లేకుంటె లేదు. లచ్చిరాం నా అసుంటోడే గద!" పాపయ్య గొంతు పెరిగింది. "అద్దం చట్రం కాడ నీళ్లు చిమ్మినయ్. వచ్చిన సుట్టాలంత మీదికి ఉరికొచ్చిండ్రు. వాడు తవుడు, పెండ కలిపి ముద్ద జేసుకొని మునిగిండు. పగులు కాడ పెడితే నీళ్లే గుంజుకున్నయ్, చిమ్ముడు ఆగింది. సరే, మంచి పనే. సారు కండువ తీస్కపోయి వాని మీద కప్పిండు. అది నా కండువ. మేస్త్రి కండువ! కప్పించుకొని, సారు ఎంబడి నా ముంగటికెల్లే మెట్లు దిగిపోయిండు. నేను ఆడ్నే నిలబడ్డ. ఒక్కసారన్న వెనకకు మర్రి సూసిండా?"

సువార్తమ్మ చింతచిగురు చాటలోంచి గిన్నెలోకి వంపుకుని లోపలికి పోయింది.

మర్నాడు పాపయ్య తలస్నానం చేసి ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. కూలగొట్టబోయే గదికి కొలతలు తీసుకోవడానికి ఉతికిన చొక్కా ఎందుకని సువార్తమ్మ అడగలేదు. కిరసనాయిలు సీసా, సుత్తి, ఉలి, బ్యాటరీ లైటు సంచిలో వేసుకుని తోటకు పోయాడు.

మామిడి చెట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరిగాయి. కుంట నడుమ జలకన్య బొమ్మ నడుము దాకా నీళ్లలో ఉంది, ఒక చెయ్యి విరిగింది. పాపయ్య మెట్లు దిగుతూ లెక్కపెట్టాడు. పద్నాలుగు. మూడో మెట్టు అంచు పెచ్చు ఊడింది, మిగతావన్నీ నిన్న కట్టినట్టే ఉన్నాయి. సొరంగంలో మెట్ల మీంచి కారిన వాన నీళ్లు చీలమండ లోతున ఉన్నాయి. వేలి కణుపుతో గోడను కొట్టి చూశాడు. గట్టిగా పలికింది. ఎక్కడా నిమ్ము లేదు. నా పని ఇది, అనుకున్నాడు పైకే, వినడానికి ఎవరూ లేకపోయినా.

ఇనుప తలుపు తాళంలో కిరసనాయిలు పోసి, బీడీ ఒకటి తాగి, మళ్లీ పోశాడు. సుత్తితో చిన్నగా తట్టాడు. మూడోసారికి తాళంచెవి తిరిగింది. తలుపు భుజంతో నెట్టి లోపల అడుగు పెట్టాడు.

చీకటి.

కాలి కింద కుళ్లిన తివాచీ బురదలా జారింది. బ్యాటరీ లైటు వేశాడు. పేము కుర్చీలు నాలుగు, ఒకటి బోర్లా పడి ఉంది. గోడ చుట్టూ తను కట్టిన అరుగు. అద్దం మీదికి లైటు తిప్పాడు. నల్లగా ఉంది. రెండో అద్దం, మూడోది, పన్నెండూ అంతే. ఏళ్ల తరబడి పేరుకున్న పాచి అద్దాల బయట చాపలా పరుచుకుంది, వెలుతురు దారం పోగంత కూడా లోపలికి రావడం లేదు. చొక్కా చేతితో అద్దాన్ని తుడిచాడు. లోపలి వైపు శుభ్రంగానే ఉంది. పాచి అంతా అవతల వైపు. గోటితో గీకాడు కూడా, గాజు అవతల ఉన్న పాచి గోటికి వస్తుందా! ఇంకెవరైనా అలా గీకుతుంటే చూసి పడీ పడీ నవ్వేవాడే.

లైటు ఆర్పేసి నిలబడ్డాడు, కళ్లు అలవాటు పడితే ఏమైనా కనబడుతుందేమోనని. ఏమీ కనబడలేదు. నాలుగు నెలలు ఎండలో మాడి కట్టిన గది, తొమ్మిదేళ్లు కుళ్లి కుళ్లి ఎదురుచూసిన గది, తీరా లోపల నిలబడితే మూత పెట్టిన కుండలా ఉంది. చూడవలసింది అంతా లచ్చిరాం చూసేశాడు. తన వంతుకు పాచి మిగిలింది.

బయట నుంచి ఎవరైనా తుడిస్తే తప్ప లాభం లేదు. పన్నెండు అద్దాలు, రెండు నిలువుల లోతు, ఊపిరి బిగబట్టి. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఆ పని చేయగలిగినవాడు ఒక్కడే. పాపయ్య అరుగు మీద కూర్చుని ఆ పేరును కాసేపు నోట్లో నానబెట్టాడు. మింగుడు పడలేదు. అయినా లేచి తండాకు బయలుదేరాడు.

తండాలో లచ్చిరాం ఇంటి ముందు పందిరి కింద అతని భార్య జమ్లీ రవికెకు అద్దాలు కుడుతోంది. లచ్చిరాం మంచం మీద పడుకుని ఉన్నాడు. పాపయ్యను చూసి లేవలేదు.

"రా మేస్త్రీ. ఏంది గిట్లొచ్చినవ్? జల్లెడ బుట్ట అల్లమంటవా?"

మల్సూర్ చెప్పేశాడన్నమాట. పాపయ్యకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

"తప్పైంది," అన్నాడు చివరికి. "మల్సూర్‌కు మల్ల చెప్త. ఇప్పుడు నేనొచ్చింది వేరే పని మీద. అద్దాలు తుడువాలె, బయటికెల్లి. రేపు పొద్దుగాల మోటార్లు ఏయకముందు. నేను కట్టింది నేను సూడలే లచ్చిరాం. ఒక్కసారి సూస్త."

లచ్చిరాం లేచి కూర్చున్నాడు. అతని మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది.

"ఎందుకన్నా? ఎట్లుంటదో నేను చెప్పిన గద ఇన్ని దినాల సంది. అట్లనే ఉంటది. కొత్తగ ఏం సూస్తవ్?"

చూశావా, అనుకున్నాడు పాపయ్య. తను చూసింది ఇంకొకడు చూడడం కూడా వీడికి ఇష్టం లేదు! కూల్చేసేముందు కూడా ఆ గది తన ఒక్కడి సొత్తుగానే ఉండాలి.

"నువ్వు సూసింది నేను సూడొద్దా?"

"అట్ల గాదు..."

"మరెట్ల?"

లచ్చిరాం జమ్లీ వైపు చూశాడు. ఆమె సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టి, తమ భాషలో అతనితో నాలుగు మాటలంది. గట్టిగా ఏమీ అనలేదు. లచ్చిరాం తల దించుకున్నాడు.

"పొద్దుగాల వస్తడు అన్నా," అంది ఆమె పాపయ్యతో. "కట్టినోడు సూడకుండ కూలగొట్టుడేంది, అన్యాలం గాదా?"

"గోనె పట్టతోటి పాచి పోతది గని అద్దం తేటగ గాదు," అని గొణిగాడు లచ్చిరాం, ఇదే ఆఖరి అడ్డం అన్నట్టు. "మెత్తటి గుడ్డ గావాలె."

జమ్లీ లోపలికి పోయింది. ఇనుప పెట్టె మూత తెరిచిన చప్పుడైంది. బయటికి వచ్చేటప్పుడు ఆమె చేతిలో మడతలు నలగని కండువా ఉంది. తెల్లటి పట్టు, బెత్తెడు ఎర్ర అంచు. పాపయ్య దాన్ని చూసి చూపు తిప్పుకున్నాడు. పెళ్లిళ్లలో, జాతర్లలో లచ్చిరాం భుజం మీద దాన్ని చూసినప్పుడల్లా ఇలాగే తిప్పుకున్నాడు.

"గిది మెత్తగనే ఉన్నది," అని ఆమె దాన్ని లచ్చిరాం ఒళ్లో పడేసింది.

దారి పొడుగునా పాపయ్యకు సంతోషం కలగలేదు. అంత సులభంగా ఎలా ఇచ్చేసింది? వాళ్లకు అది ఒక గుడ్డ మాత్రమేనా? తనైతే ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకునేవాడు. ఇచ్చినందుకు కూడా కుళ్లుకున్నాడు, ఇక చెప్పేదేముంది.

మూడోనాడు పొద్దున ఎనిమిదికే తోట దగ్గర జనం చేరారు. ట్రాక్టరు మీద రెండు మోటార్లు వచ్చాయి. కూలీలు గట్టు మీద పైపులు పరుస్తున్నారు. ఆండాళు హోటలు మూసుకుని వచ్చి వేపచెట్టు నీడన కూర్చుంది. 

"పది గంటలకు స్విచ్చేస్త," అన్నాడు మల్సూర్. "గప్పటిదాంక మీ ఇష్టం."

లచ్చిరాం గోచీ పెట్టుకుని, నడుముకు రాయి కట్టుకున్నాడు, మునిగినవాడు తేలిపోకుండా. చేతిలో గోనెపట్ట, మెడలో కండువా. పాపయ్య వైపు చూడకుండా నీళ్లలోకి దిగాడు. పాపయ్య మెట్లు దిగాడు.

లోపల అరుగు మీద కూర్చున్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎదుటి అద్దం మీద బరబరమని చప్పుడైంది. చీకట్లో బెత్తెడు వెలుతురు గీత పడింది. అది మూరెడైంది. గోనెపట్ట పైకీ కిందికీ ఆడుతుంటే పాచి పొరలు పొరలుగా లేచిపోయింది, ఆ వెనక నుంచి కండువా వచ్చి గుండ్రంగా తిరిగింది. ఎర్ర అంచు రంగు విడిచి నీళ్లలో సన్నగా పాకింది. లచ్చిరాం పైకి పోయాడు, ఊపిరి తీసుకుని మళ్లీ వచ్చాడు. రెండో అద్దం. మూడోది.

ఆకుపచ్చటి వెలుతురు పాపయ్య మోకాళ్ల మీద పడింది. చెయ్యి చాపితే చేతి మీద పడింది. సున్నం కొరికిన వేళ్లు, గోళ్లు చితికిన వేళ్లు, ఎవరివో అన్నట్టు మెరిసిపోయాయి. గోడల మీద వెలుతురు కదులుతూనే ఉంది. అబద్ధం కాదు, లచ్చిరాం చెప్పినట్టే! కదిలిన పాచి కోసం చేపలు వచ్చాయి. అద్దానికి మూతులు ఆనించాయి. పాపయ్య లేచి అద్దం మీద వేలు పెట్టి వాటి మూతులను తాకబోయాడు. ఆ సంతోషంలో కూడా లోపల ఒక ముల్లు గుచ్చుతూనే ఉంది: వీడు ఇదంతా తొమ్మిదేళ్ల కిందటే చూశాడు. కుర్చీలు కొత్తగా ఉన్నప్పుడు, తివాచీ మెత్తగా ఉన్నప్పుడు, సారు పక్కన నిలబడి చూశాడు.

పదకొండో అద్దం తేటపడింది. ఇక మిగిలింది సూర్యుడు. పాపయ్య తల పైకెత్తాడు.

సూర్యుడు లేడు.

నెత్తి మీద కాంక్రీటు దిమ్మె ఉంది. ఎనిమిదడుగుల వెడల్పు. సెంట్రింగు చెక్కల గీతలు ఒక్కోటీ అచ్చు పడి ఉన్నాయి. ఊడదీయడం మరిచిపోయిన మేకు ఒకటి తుప్పు పట్టి వేలాడుతోంది. తను పోసిన దిమ్మె. జలకన్య బరువు ఆగాలని, రెండు రోజులు కునుకు తీయకుండా, దగ్గర నిలబడి పోయించిన దిమ్మె. ఈ గదిలో కూర్చున్నవాడికి నెత్తి మీద సూర్యుడు కాదు కదా, ఆకాశం ముక్క కనబడే వీలు లేదు. పన్నెండు అద్దాలూ పక్కలకే ఉన్నాయి.

పాపయ్య నోరు తెరుచుకుని అలాగే పైకి చూస్తూ ఉండిపోయాడు. ఇత్తడి తాంబాళమంత సూర్యుడు! తొమ్మిదేళ్లు రోజూ విన్నాడు. ఈ లోకంలో ఆ మాట అబద్ధమని పట్టుకోగలిగిన మనిషి తను ఒక్కడే. ఎందుకు తట్టలేదు? లచ్చిరాం సూర్యుడి దగ్గరికి వచ్చేసరికి తను కడుపు మంటతో చెవులు మూసుకుపోయి కూర్చునేవాడు, అందుకు.

పన్నెండో అద్దం దగ్గర చప్పుడు ఆగింది. పాపయ్య అటు తిరిగాడు. లచ్చిరాం అద్దానికి మొహం ఆనించి, రెండు అరచేతులూ కళ్లకు అటూ ఇటూ అడ్డం పెట్టుకుని లోపలికి చూస్తున్నాడు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. పాపయ్యను చూడడం లేదు. కుర్చీలను చూస్తున్నాడు, అరుగును చూస్తున్నాడు, తలుపును చూస్తున్నాడు. ఊపిరి ఆగక పైకి పోయాడు. మళ్లీ వచ్చాడు. అద్దం తేటగా ఉంది, తుడవడానికి ఏమీ లేదు. అయినా కళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని చూశాడు. మళ్లీ పోయి మళ్లీ వచ్చాడు.

ఆ చూపు పాపయ్యకు బాగా తెలుసు. మొదటి మెట్టు మీద నిలబడి, తెల్ల చొక్కాలో, తను చూసిన చూపు అదే.

బయటికి వచ్చేసరికి జనం చుట్టూ మూగారు. ఆండాళు కొంగు సర్దుకుంటూ ముందుకు వచ్చింది. 

"ఎట్లున్నది పాపన్నా? లచ్చిరాం చెప్పిందంత నిజమేనా?"

లచ్చిరాం గట్టు మీద కూర్చుని కండువా పిండుతున్నాడు. పిండిందే పిండుతున్నాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. పాపయ్య నోటి దగ్గరికి ఆ మాట వచ్చింది. ఒక్క మాట. అది అంటే ఆండాళు హోటలు ముందు ఆ బల్ల రేపటి నుంచి ఖాళీ. తొమ్మిదేళ్ల మంట చల్లారిపోయేది.

"అట్లనే ఉన్నది," అన్నాడు.

"మరి సూర్యుడో?"

"ఇత్తడి తాంబాళమంత."

లచ్చిరాం చేతులు ఆగిపోయాయి. పాపయ్య అతని దగ్గరికి పోయి నిలబడ్డాడు. "లే. లోపట ఒకటి సూపియ్యాలె నీకు."

"నాకా? నాకెందుకు, నేను సూడందా..."

"లే అంటున్న గద!"

మల్సూర్ అప్పటికే స్విచ్చి వేశాడు. మోటార్ల మోత తోటంతా నిండింది. ఇద్దరూ మెట్లు దిగారు, సొరంగం దాటారు. ఇనుప తలుపు దగ్గర లచ్చిరాం ఆగిపోయాడు. కాళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒక పాదంతో ఇంకో పాదాన్ని తుడుచుకున్నాడు.

"గీడిదాకనే వచ్చిన," అన్నాడు నేల చూస్తూ. "తడి కాళ్లు, తివాచీ ఖరాబైతదన్నడు సారు. గీడ్నే నిలబెట్టి తను లోపటికి పోయిండు. తలుపు ఏసుకున్నరు. నవ్వులు ఇనొస్తున్నయ్. జరసేపు సూసి నేనే మెట్లెక్కిన. పైకొస్తె అందరు మీద పడ్డరు, ఏం సూసినవ్, ఏం సూసినవ్ అని. భుజాన కండువ ఉండె. ఏం చెప్పాలె మరి?"

"నాకన్న చెప్పకపోతివి?"

"నీకెట్ల చెప్త! నీ గది. నిన్ను సూస్తె నాకు భయం. కట్టినోడు, పనోడు అని అందరు నిన్నంటరు. నన్నేమంటరు? తవుడు ముద్ద పెట్టినోడనా?" అతను ముక్కు ఎగబీల్చాడు. "నీ మీద నాకు ఎంత ఏడుపుండెనో ఎరుకేనా?"

పాపయ్య అతని మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు. కుళ్లిన తివాచీ మీద తడి కాళ్ల గుర్తులు పడ్డాయి. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. లచ్చిరాం అరచెయ్యి చాపి వెలుతురు మీద పడనిచ్చాడు, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. చేపలు అద్దం దగ్గరికి వస్తే చిన్నగా నవ్వాడు. తర్వాత తల పైకెత్తాడు. చాలాసేపు దించలేదు.

"మేస్త్రీ. సూర్యుడేడి?"

"నేనే మూసిన. బొమ్మ నిలబెట్టాలన్నరు, దిమ్మె పోసిన."

"ముందుగాల చెప్తె అయిపోతుండె గద!"

"నువ్వు అడిగితివా?"

లచ్చిరాం పకపకా నవ్వాడు. పాపయ్యకు కూడా నవ్వు ఆగలేదు. ఆ గుండ్రటి గదిలో ఇద్దరి నవ్వూ చుట్టూ తిరిగి వాళ్ల దగ్గరికే వచ్చింది.

కుంటలో నీళ్లు దిగుతున్నాయి. అద్దాల పై అంచున నీటి గీత కనబడింది. మొదట జానెడు, తర్వాత మూరెడు. గీత పైన తెల్లటి వెలుతురు, గీత కింద ఆకుపచ్చటిది. గీత ఇంకా దిగాక తూర్పు వైపు అద్దంలోంచి ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి, వాళ్ల కాళ్ల దగ్గర, తడి తివాచీ మీద పడింది. లచ్చిరాం కాలు జరిపి పాదం ఎండలో పెట్టుకున్నాడు.

పైన మెట్ల దగ్గర నుంచి మల్సూర్ కేక వేశాడు. "ఓ పాపయ్యా! ఏం జేస్తున్నరు ఇద్దరు లోపట? పలుగెప్పుడు పెడ్తవ్? నేను రావాల్నా?"

పాపయ్య లేవలేదు. సొరంగం వైపు మొహం తిప్పి గట్టిగా అరిచాడు.

"ఆడ్నే ఉండు! లోపట పూజైతుంది. అయినంక పిలుస్తం."